ఎడమకు మూసుకునే వాల్వు

మంగళవారం పొద్దున పదింటికి మూడో సందులో గోడ కూలింది. గురువారానికల్లా సైటు ఆఫీసు తలుపు మీద కాగితం అంటించారు. మూయాల్సిన వాల్వుని ఫిట్టరు తప్పు వైపు తిప్పి పూర్తిగా తెరిచేశాడని, ఆ ఒత్తిడికి పాత పైపు పగిలి పునాది కోసుకుపోయిందని అందులో ఉంది. శుక్రవారం పదకొండింటికి విచారణ. తప్పు అతనిదేనని తేలితే పనిలోంచి తీసేస్తారు.

ఫిట్టరు ఏ తప్పూ చెయ్యలేదు. ఎవరైనా తిప్పే వైపే తిప్పాడు. ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ కొత్త టవరు ఏడో అంతస్తులో, అద్దాల మీద ప్లాస్టిక్ కాగితమైనా ఊడదియ్యని కిటికీ పక్కన కూర్చుని, రెండు రోజులుగా తిండి సయించక, తన కుడి మణికట్టు వైపు చూసుకుంటోంది.

అందరూ ఆవిణ్ణి నీళ్ళ పిన్ని అంటారు. వరసకి పిన్ని కానివాళ్ళూ అంతే. పెళ్ళై ఆ సందుల్లోకి వచ్చేటప్పటికి పందొమ్మిదేళ్ళు. భర్త నీళ్ళ లైన్‌మన్. నాలుగు సందులకీ, పన్నెండు వాల్వులకీ అతనొక్కడే. అతని దగ్గరున్న పనిముట్టు కూడా ఒక్కటే: నాలుగడుగుల ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి, కింద వాల్వు తలకి సరిపోయే చదరపు గుంట. దాన్ని కీ అనేవాళ్ళు. రోడ్డు మీద ఇనప మూత తీసి, గుంటలోకి కీ దించి, రెండు చేతులా పిడి పట్టుకుని తిప్పాలి. చూసేవాళ్ళకి అందులో ఏముంది అనిపిస్తుంది. ఒక చుట్టు ఎక్కువైతే కింది సందులో కుళాయి ఊడొస్తుంది. ఒక చుట్టు తక్కువైతే పై ఇంటికి చుక్క చేరదు.

భర్తకి భుజం పట్టేశాక ఆవిడే అతని వెంట వెళ్ళి తిప్పడం మొదలుపెట్టింది. అతను పోయి పదకొండేళ్ళైంది. ఏ మూత కింద ఏముందో ఇంకెవరికీ తెలీదు కాబట్టి ఆఫీసువాళ్ళు ఆ పని ఆవిడకే ఇచ్చారు. మొదటిరోజు ఒక్కత్తీ కీ భుజాన వేసుకుని వస్తుంటే మగవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు.

"పిన్నీ, అది గరిటె కాదు," అన్నాడొకడు.

"తెలుసు నాయనా. గరిటైతే నీకే ఇచ్చేదాన్ని, మీ ఆవిడకి కాస్త ఊపిరాడేది," అంది.

ఆ తర్వాత ఎవరూ ఆవిడ జోలికి పోలేదు. పొద్దున్నే అయిదింటికి మొదటి మూత తీసేది. ఒక్కో వాల్వుకీ ఎన్ని చుట్లో నోట్లో లెక్కపెట్టుకుంటూ తిప్పేది. తిప్పాక వంగి కీ పిడికి చెవి ఆనించి వినేది. నీళ్ళు పారుతుంటే కడ్డీలో సన్నగా ఈల వినిపిస్తుంది. వాల్వు మూసుకుంటున్నకొద్దీ ఈల పలచబడి, చివర్లో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. ఆ ఆగడం చెవికి అందితేనే వాల్వు మూసుకున్నట్టు. చేతికి బిగుసుకున్నంత మాత్రాన మూసుకున్నట్టు కాదు. ఈ ముక్క ఆవిడకి నేర్పింది భర్తే.

అతను నేర్పింది ఇంకోటి కూడా ఉంది. వాల్వుని నోటితో అప్పగించకూడదు. మూత తీసి, అవతలి మనిషి చేత కీ పెట్టించి, వాళ్ళ చేతే తిప్పించి, వాళ్ళ చెవితోనే వినిపించి అప్పగించాలి. పన్నెండూ ఆవిడకి అలాగే అప్పగించాడు. తొమ్మిదో దాని దగ్గరికి వచ్చేసరికి ముసిముసిగా నవ్వుతూ పక్కన నిలబడ్డాడు.

"మూయి," అన్నాడు.

ఆవిడ అన్నిటిలాగే కుడికి తిప్పింది. ఈల పెరిగింది. మళ్ళీ తిప్పింది. ఇంకా పెరిగింది.

"ఇదేంటి?"

"నీలాగే. కుడి అంటే ఎడమ అంటుంది," అన్నాడు.

ఎప్పుడో ఆ వాల్వు పట్టేసి మూడో సందు మొత్తం మునుగుతుంటే, స్టోరులో కొత్తది లేక, మూతబడ్డ ఫ్యాక్టరీ సామాన్లలోంచి ఒకటి తెచ్చి బిగించాడట. అది ఎడమకు మూసుకునే రకం. వారంలో మారుస్తానన్నాడు. ఆ వారం ముప్ఫై ఏళ్ళు నడిచింది. మొదటి నెలలో ఆవిడ రెండుసార్లు పొరపాటు పడింది. ఆ తర్వాత మణికట్టే నేర్చుకుంది. తొమ్మిదో మూత దగ్గర నిలబడితే చాలు, చేతులు వాటంతటవే ఎడమకి తిరిగేవి. ఇది వేరే రకం అన్న ఆలోచన కూడా పోయింది. మనం మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తామో ఎవరైనా అడిగితే చెప్పగలమా? అలా అయిపోయింది.

ఆ సందులోనే ఆవిడ ఆడపడుచు ఉండేది. భర్తకి అక్క. చివరిల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక వంటగది. పిల్లల్లేని ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరింట్లో వండితే రెండో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. వదిన నోరు పెద్దది. "మా తమ్ముడు నీకేం మిగిల్చాడే మరదలా, ఓ ఇనప కడ్డీ తప్ప," అనేది. అంటూనే ఆ కడ్డీ పిడికి చేతులు ఒరుసుకుపోకుండా గుడ్డ తొడుగు కుట్టి ఇచ్చింది.

తర్వాత ప్రాజెక్టు వచ్చింది. నాలుగు సందులూ తీసేసి నాలుగు టవర్లు కడతామన్నారు. ఆఫీసులో గాజుపెట్టెలో బొమ్మ టవర్లు పెట్టారు. స్పాంజి చెట్లు, వేలి గోరంత కార్లు. జనం వెళ్ళి అందులో తమ ఇల్లు ఎక్కడొస్తుందో వెతుక్కున్నారు. వదిన కళ్ళజోడు పెట్టుకుని పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇందులో బట్టలెక్కడ ఆరేస్తారు?" అని అడిగింది. అక్కడున్న అమ్మాయి వంగి గాజుపెట్టెలోకి చూసింది.

మాటిచ్చిన ప్రకారం మొదటి టవరు పూర్తి కాగానే ఒకటి, రెండు సందులవాళ్ళని అందులోకి పంపారు. రెండో సందులో ఉండే పిన్నికి ఏడో అంతస్తు వచ్చింది. కింద పంపు రూములో కూర్చునే ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. నాలుగో సందు ఖాళీ చేసి బంధువుల ఇళ్ళకి వెళ్ళిపోయింది. మూడో సందులోని ఇరవై మూడు కుటుంబాలు మాత్రం రెండో టవరు పూర్తయ్యేదాకా, అంటే పద్నాలుగు నెలలు, ఉన్నచోటే ఉండొచ్చు. కాగితం మీద సంతకాలైనాయి. చుట్టూ ఇళ్ళు కూలుతుంటే మధ్యలో ఒక్క సందు నిలబడాలి. దానికి నీళ్ళందించే పైపు ముసలిది. అందుకే పిన్ని తొమ్మిదో వాల్వుని పద్నాలుగు చుట్లలో నాలుగే తెరిచి, అలా వదిలేసింది. అంతకు మించితే పైపు ఆగదు.

సామాను దించిన రోజు వదినతో అంది: "నువ్వు కదిలేదాకా నీ నీళ్ళు నా పూచీ."

"ఏడో అంతస్తు నుంచి చెంబుతో పోస్తావా ఏంటి," అంది వదిన.

గోడ కూలడానికి ముందటి శనివారం పిన్నిని ఆఫీసుకి పిలిచి వాల్వులు అప్పగించమన్నారు. కుర్ర ఇంజనీరు, పక్కన ఫిట్టరు. ఫిట్టరు యాభై దాటిన మనిషి, తక్కువ మాట, చొక్కా జేబులో ఎప్పుడూ మడత స్కేలు. పిన్ని కీ తీసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"పదండి, చూపిస్తా," అంది.

"అవసరం లేదండీ," అన్నాడు ఇంజనీరు. "ఇక్కడే కూర్చోండి. ఫారం ఉంది. నేను అడుగుతా, మీరు చెప్పండి, అరగంటలో అయిపోతుంది."

ఫారంలో వరస నంబరు, స్థలం, పైపు సైజు, మొత్తం చుట్లు, ఇప్పుడు తెరిచి ఉన్నవి అని అయిదు గడులు. ఆవిడ కళ్ళు మూసుకుని సందుల్లో నడుస్తున్నట్టే ఒక్కోటీ చెప్పింది. తొమ్మిదోది, చివరింటికి ముప్ఫై అడుగుల ఇవతల, నాలుగంగుళాలు, పద్నాలుగు, నాలుగు. ఇంజనీరు రాసుకున్నాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. పన్నెండూ అయ్యాక పెన్ను మూత పెడుతూ, "కొత్త టవర్లలో ఈ గొడవలేం ఉండవు పిన్నిగారూ. అంతా సెన్సార్లే. మనిషి ముట్టుకోనక్కర్లేదు," అన్నాడు. ఆవిడకి శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాడు.

పిన్ని కీని బల్ల మీద పెట్టింది. గుడ్డ తొడుగు తీసి మాత్రం తన సంచిలో వేసుకుంది.

అప్పుడు ఫిట్టరు అడిగాడు. "అమ్మా, ఇందులో రాయనిది ఇంకేమైనా ఉందా? మీకు తెలిసి, మాకు తెలియనిది?"

పని తెలిసినవాడు అడిగే ప్రశ్న అది. ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"ఏం లేదు," అంది.

మంగళవారం ఫిట్టరు రెండో సందు వైపు పోయే పాత కొమ్మ పైపుని కోసి బిరడా వెయ్యాలి. దానికోసం తొమ్మిదో వాల్వు నాలుగు గంటలు మూయాలి. ముందే ఇంటింటికీ తిరిగి బిందెలు నింపుకోమని చెప్పాడు. మూత తీసి, కీ దించి, కుడికి తిప్పాడు. నాలుగు చుట్లకి బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. ఎవరో మధ్యలో ఎక్కువ తెరిచి ఉంటారనుకుని ఆగేదాకా తిప్పాడు. ఆగింది. వంగి పిడికి చెవి ఆనించాడు. ఇరవై అడుగుల అవతల తవ్వే యంత్రం రెండో సందులో గోడలు పీకుతోంది. ఆ రొదలో ఏమీ వినపడలేదు. రంపం తీసుకుని వెళ్ళి ఇంకా పైపు మీద పెట్టకముందే కేకలు వినిపించాయి.

వదిన ముందు గదిలో మిషను మీద ఉంది కాబట్టి బతికింది. వెనక గోడ వంటగది మీద పడింది. పక్క అయిదిళ్ళ గోడలు బీటలు వారాయి. సాయంత్రానికి ఎవరో అధికారి వచ్చి సందు మొత్తం ప్రమాదకరం అన్నాడు. ఇరవై మూడు కుటుంబాలనీ మైదానంలో రేకుల షెడ్లలోకి తరలించారు. పద్నాలుగు నెలలన్న మాట ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

గురువారం పిన్ని షెడ్లకి వెళ్ళింది. వదిన మట్టి అంటిన మిషన్ని పాత పంచెతో తుడుస్తోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"రా. నీకోసమే కబురు పంపుదామనుకున్నా," అంది వదిన. "వాడు కావాలనే తిప్పాడే. మనం ఖాళీ చెయ్యడానికి పైనుంచి చెప్పించి చేయించారు. రేపు విచారణలో నువ్వా మాట చెప్పాలి."

"కావాలని చేశాడని ఎలా చెప్తాం వదినా?"

"ముప్ఫై ఏళ్ళు వాల్వులు చూసిన ఇంట్లో మనిషివి. ఏ పిచ్చోడైనా కుడి ఎడమలు మర్చిపోతాడా? ఆ ముక్క చెప్పు చాలు. నువ్వు చెప్తే నమ్ముతారు. అప్పుడు మన కాగితం మీద మాట మళ్ళీ నిలబడుతుంది."

పక్కావిడ, "పిన్ని చెప్తే ఇక తిరుగులేదు," అంది.

పిన్ని మిషను చక్రంలో ఇరుక్కున్న మట్టిని గోటితో తీసి, లేచింది.

వచ్చేదారిలో సైటు గేటు బయట ఫిట్టరు ఖాళీ రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. గుర్తింపు కార్డు లాగేసుకుని లోపలికి రానివ్వడం లేదు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"కుడికే తిప్పానమ్మా," అన్నాడు. "పాతికేళ్ళుగా ఇదే పని. నాకే అనుమానం వస్తోంది ఇప్పుడు. ఇంట్లో కూడా ఆ రోజు నీ ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు. మీరైనా నమ్మండి."

"నమ్ముతాను," అంది పిన్ని. ఇంకో మాట గొంతు దాకా వచ్చింది. అది బయటికి రాకముందే ఆవిడ కాళ్ళు కదిలాయి.

ఆ రాత్రి ఏడో అంతస్తులో కూర్చుని శనివారం జరిగింది మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. నిజంగా గుర్తు రాలేదా? గుర్తు రాలేదనే అనిపిస్తుంది. ఆ వాల్వు తేడా ఆవిడ చేతిలో ఉంది, తలలో లేదు. సందులోకి నడిపించి మూత తీయించి ఉంటే చేతులే చెప్పేవి. కానీ మనిషి ముట్టుకోనక్కర్లేదన్న మాట విన్న మరుక్షణం లోపలెక్కడో ఒక తలుపు పడింది. అది కూడా నిజమే. ఫిట్టరు అడిగినప్పుడు ఆ తలుపు వెనక ఏముందో ఆవిడ తీసి చూడలేదు. చూసి ఉంటే? చూడకపోవడం మర్చిపోవడం అవుతుందా? ఎంత తవ్వినా మట్టే వచ్చింది. చివరికి ఒక్కటి మాత్రం తేలింది. వాల్వుల్ని బల్ల మీద అప్పగించడానికి ఒప్పుకుంది తనే. ఆ రోజు గుమ్మంలోంచి కదలనని భీష్మించుకుని ఉంటే సరిపోయేది.

శుక్రవారం విచారణ గదిలో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. విచారణ అధికారి ఫారం చూస్తున్నాడు. ఇంజనీరు పక్కన నిలబడ్డాడు. ఒక మూల ఫిట్టరు, ఇంకో మూల వదిన, వెనక మూడో సందు జనం.

"కింద పైపులో నీళ్ళు పూర్తి ఒత్తిడితో వచ్చాయి. అంటే వాల్వు తెరిచి ఉంది. అంటే నువ్వు ఎడమకి తిప్పావు," అన్నాడు అధికారి ఫిట్టరుతో.

"కుడికే తిప్పానండి."

"కుడికి తిప్పితే మూసుకోవాలిగా?"

వదిన పిన్ని వైపు చూసి గడ్డం ఎగరేసింది, కానివ్వు అన్నట్టు.

పిన్ని లేచింది. "కుడికి తిప్పితే అది తెరుచుకుంటుందండి," అంది.

గదిలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అధికారి మళ్ళీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది.

"ఇందులో ఎక్కడా రాసి లేదే," అన్నాడు ఫారం తిరగేసి.

"లేదండి. రండి, చూపిస్తా."

"ఆ గుంటంతా బురదతో నిండిపోయి ఉంది. అక్కడికి వెళ్ళడం కుదరదు. మీ మాట రాసుకుంటాం."

"రాసుకుంటే ఇలాగే అయింది," అంది పిన్ని. బల్ల పక్కన గోడకి ఆనించి ఉన్న కీ తీసుకుని, ఎవరినీ అడక్కుండా బయటికి నడిచింది. వెనక మొదట కదిలింది ఫిట్టరు. తర్వాత జనం. ఆఖరికి అధికారి కూడా ప్యాంటు అంచులు పైకి మడుచుకుంటూ వచ్చాడు.

తొమ్మిదో గుంట దగ్గర పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని రేకు డబ్బాతో బురద తోడడం మొదలుపెట్టింది. ఫిట్టరు రెండోవైపు కూర్చుని చేతులతో తోడాడు. పావుగంటకి వాల్వు తల కనిపించింది. ఇంజనీరు ఫోనులో చెప్పి తవ్వే యంత్రాన్ని ఆపించాడు. ట్యాంకు దగ్గర నీళ్ళు కొంచెంగా వదలమన్నాడు. పిన్ని సంచిలోంచి గుడ్డ తొడుగు తీసి పిడికి తొడిగి, కీని ఫిట్టరు చేతికి ఇచ్చింది.

"మీరు తిప్పండమ్మా."

"నేను కాదు. నువ్వే తిప్పాలి. ముందు విను."

అతను చెవి ఆనించాడు. "పారుతోంది," అన్నాడు.

"కుడికి తిప్పు."

"కదలట్లేదు. బిగుసుకుని ఉంది."

"నువ్వు మంగళవారం వదిలినచోటే ఉంది. ఇప్పుడు ఎడమకి."

అతను ఎడమకి తిప్పాడు. ఒకటి, రెండు అని పిన్ని పైకే లెక్కపెట్టింది. ఏడు దాటాక ఆగి విన్నాడు. తొమ్మిది, పది. పన్నెండు దగ్గర మళ్ళీ విన్నాడు. పద్నాలుగో చుట్టుకి పిడి ఆగింది. అతను చెవి అలాగే ఉంచి కళ్ళు మూసుకున్నాడు. ఈల ఆగిపోయింది. లేచాక తన అరచేతుల్ని చూసుకున్నాడు, పోయిన వస్తువేదో దొరికినట్టు.

అధికారి తను కూడా చెవి పెట్టి చూశాడు. ఇంజనీరు మొహం పాలిపోయింది. "ఫారంలో ఆ గడి లేదు సార్," అన్నాడు మెల్లగా. "నడిచి చూపిస్తామన్నారు, నేనే వద్దన్నాను."

పిన్ని అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. గడి లేదన్న మాట నిజమే, అది ఎవరికైనా సరిపోయేది.

"ఇతను అడిగాడండి," అంది. "ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఏం లేదని చెప్పింది నేను. అది కూడా రాసుకోండి."

మూడో సందు జనంలో గొణుగుడు మొదలైంది. ఒకావిడ, "అయితే మన కాగితం సంగతి ఏంటి?" అంది. అధికారి మడిచిన ప్యాంటు దించుకుంటున్నాడు. వదిన గుంట దాకా వచ్చింది. బురద కొట్టుకున్న తొడుగు వంక, తను కుట్టిన కుట్ల వంక చూసింది.

"మర్చిపోయావా?" అని అడిగింది. "చెప్పలేదా?"

"తెలీట్లేదు వదినా."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందే?"

వదిన తన ఇంటి వైపు వెళ్ళింది. పడిపోయిన వంటగదిలో గిన్నెలేమైనా దొరుకుతాయేమోనని ఇటుకలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. సాయానికి పిన్ని వస్తే వద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు.

సోమవారం ఆఫీసు తలుపు మీద కొత్త కాగితం పడింది. అందులో ఫిట్టరు పేరు లేదు. సమాచారం పూర్తిగా అందించలేదని పిన్ని పేరు ఉంది. పంపు రూము ఉద్యోగం ఆపేశారు. ఇరవై మూడు కుటుంబాలు షెడ్లలోనే ఉన్నాయి. ఎప్పటిదాకా అన్నది అందులో రాయలేదు.

పిన్ని ఆ కాగితం చదువుతుంటే ఫిట్టరు వెనకనుంచి వచ్చాడు. మెడలో కార్డు ఉంది, భుజాన కీ.

"ఇంకా పదకొండు ఉన్నాయిగా," అన్నాడు. "నాకు ఫారం వద్దు. రండి, మొదటి మూత దగ్గర నుంచి."

"అవన్నీ కుడికే."

"అయినా సరే. నా చేత తిప్పించి చూపించండి."

ఇద్దరూ ఒకటో సందు వైపు నడిచారు. ఆ సందులో ఇళ్ళు లేవు, చదును చేసిన మట్టి మాత్రమే ఉంది. అయినా పిన్ని పాత మలుపు ఉన్నచోట మలుపు తిరిగింది, పాత మెట్టు ఉన్నచోట కాలు ఎత్తి వేసింది. ఒకచోట ఆగి కాలి మడమతో మట్టిని పక్కకి తోసింది. ఇనప మూత కనిపించింది.

"పెట్టు," అంది.